ఉప్పు చెమర్చే ఊళ్ళో ఆకుకూర

ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, బల్లలు వేసి, ఎల్ఈడీ దీపాలు బిగించి, నీళ్ళ తొట్లలో పాలకూరో లెట్యూసో పెంచుదామని దిగినవాళ్ళకు మొదట వినిపించే సలహా ఒకటుంది. గదిలో వేడి 22 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉండాలంటారు. ఆ అంకెలు తప్పు కావు. కాకపోతే అవి చలిదేశాల్లో, గదిని వెచ్చబెట్టుకోవలసిన చోట పుట్టాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ రెండంకెల కోసం పట్టుబడితే కరెంటు బిల్లు పెరుగుతుంది తప్ప మొక్క పెరగదు.

మన తీరంలో వేడినీ తేమనూ విడివిడిగా చూడకూడదు. రెండింటినీ కలిపి చూడటం వస్తే మన ఉక్కపోత గాలి మనం అనుకున్నంత చెడ్డది కాదని తెలుస్తుంది. అసలు జాగ్రత్త పడవలసిన వేళలు వేరే ఉన్నాయని కూడా తెలుస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ చూపు గురించే.

రెండంకెలు కాదు, ఒక లోటు

వేరు తాగిన నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా మొక్క తన ఒంట్లో దాచుకోదు. ఆకులకున్న సన్నటి రంధ్రాల గుండా ఆవిరి చేసి గాలికి ఇచ్చేస్తుంది. అది వృథా కాదు. ఆ ధార నడిస్తేనే వేరు దగ్గరి కాల్షియం చివరి లేత ఆకు దాకా ఎక్కుతుంది. గాలి ఆ ఆవిరిని తీసుకోలేని స్థితిలో ఉంటే ధార ఆగిపోతుంది. అప్పుడు తొట్టిలో ఎంత ఎరువున్నా లేత ఆకుకు అందదు. లెట్యూస్‌లో లోపలి ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగితే చాలామంది ఇంకాస్త కాల్షియం నైట్రేట్ కలుపుతారు. ముందు చూడవలసింది గాలిని.

గాలి ఎంత ఆవిరిని తీసుకోగలదో చెప్పే కొలతను వేపర్ ప్రెషర్ డెఫిసిట్ అంటారు, పొట్టిగా వీపీడీ. ఈ అధ్యాయంలో దాన్ని లోటు అందాం. నిండుగా ఆవిరి పట్టిన గాలికీ ప్రస్తుతం మీ గదిలో ఉన్న గాలికీ మధ్య తేడానే ఈ లోటు. దీన్ని కిలోపాస్కల్స్‌లో కొలుస్తారు. లెక్క చాలా తేలిక. 22 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగిన నిండు ఆవిరి 2.64. 24 దగ్గర 2.98, 26 దగ్గర 3.36, 28 దగ్గర 3.78, 30 దగ్గర 4.24, 32 దగ్గర 4.76. ఈ ఆరంకెలను గది గోడ మీద రాసి అతికించుకోండి. గదిలో తేమ 70 శాతం ఉందంటే మిగిలిన ఖాళీ 30 శాతం. ఆ ఖాళీతో నిండు అంకెను గుణిస్తే లోటు వస్తుంది.

ఇప్పుడు పుస్తకాల సలహాను ఈ లెక్కలో పెట్టి చూడండి. 22 డిగ్రీలు, 60 శాతం తేమ అంటే లోటు 2.64లో 40 శాతం, అంటే 1.06. మన గదిలో 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉందనుకోండి. 4.24లో 25 శాతం మళ్ళీ 1.06 అవుతుంది. ఆవిరిని లాగే బలం రెండు గదుల్లోనూ దాదాపు ఒకటే. 75 శాతం అనగానే కంగారుపడి తేమ పిండే యంత్రం కొన్నవాళ్ళు గాలిని 50 శాతానికి దించితే ఏమవుతుందో చూడండి. 30 డిగ్రీల దగ్గర లోటు 2.12కు పోతుంది. మొక్క ఆ ధాటికి తట్టుకోలేక ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. రంధ్రాలు మూస్తే బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, పెరుగుదల ఆగుతుంది. డబ్బు పోసి మొక్కను ఎండగట్టినట్టవుతుంది.

మొలకలకూ చిన్న నారుకూ 0.4 నుంచి 0.8 వరకు లోటు హాయిగా ఉంటుంది. ఎదుగుతున్న ఆకుకూరలకు 0.8 నుంచి 1.2 వరకు మంచిది. 1.6 దాటితే ఆకులు వాలడం మొదలవుతుంది. 0.4 కింద ఎక్కువసేపు ఉంటే మొక్క తాగడం మానేస్తుంది, బూజులకు పండగవుతుంది. దండెం మీద బట్టలు ఆరని రోజున మొక్క కూడా తాగదని గుర్తుపెట్టుకుంటే చాలు, సగం లెక్క చేసినట్టే.

మీటరును నమ్మే ముందు

మూడు, నాలుగు వందలకు దొరికే డిజిటల్ తేమ మీటర్లు అయిదు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. 26 డిగ్రీల దగ్గర 90 శాతానికీ 85 శాతానికీ లోటులో తేడా 0.34, 0.50. ఆ కాస్త తేడాలోనే బూజు వస్తుందో రాదో తేలిపోతుంది. అందుకని కొన్న రోజే మీటరును పరీక్షించాలి. దానికి కావలసినది మన వంటింట్లోనే ఉంది.

శుభ్రమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు లాగి కరగడం మొదలుపెడుతుంది. తడి ఉప్పును గాలి చొరబడని డబ్బాలో పెడితే ఆ డబ్బాలోని గాలి 75 శాతం దగ్గర నిలబడిపోతుంది. మన ఇళ్ళలో ఉండే వేడిలో ఈ అంకె ఇంచుమించు మారదు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు వేసి, మీటరుతో కలిపి మూత గట్టిగా బిగించిన డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున్న మీటరు 80 చూపిస్తే అది ఎప్పుడూ 5 ఎక్కువ చెబుతుందని అర్థం. మీటరు వెనక ఆ తేడా రాసి అంటించండి.

ఈ పనికి సంతబొమ్మాళి మండలం నౌపడ మళ్ళలోంచి వచ్చే గళ్ళుప్పు మాత్రం వాడకండి. ఆ ఉప్పుకు రుచిలో వంక పెట్టను. అయితే శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, అది చాలా తక్కువ తేమ దగ్గరే నీరు లాగేస్తుంది. వానాకాలంలో జాడీలో గళ్ళుప్పు ముందుగా చెమర్చేది అందుకే. మీటరు పరీక్షకు ప్యాకెట్లో దొరికే మెత్తటి టేబుల్ సాల్ట్ వాడండి.

మీటరును గోడకు తగిలించకండి. ఆకుల ఎత్తులో, దీపం వెలుగు నేరుగా పడకుండా చిన్న అట్టముక్క నీడలో వేలాడదీయండి. గోడ దగ్గరి గాలీ ఆకు దగ్గరి గాలీ ఒకటి కావు.

దీపాలు ఆరిన తర్వాత గంట

నేనైతే తక్కిన అన్ని గంటలకంటే ఈ గంట మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. దీపాలు వెలిగినంతసేపూ గది 28 డిగ్రీలు, 70 శాతం దగ్గర బాగానే ఉందనుకోండి. లోటు 1.13. దీపాలు ఆర్పారు. శీతాకాలపు రాత్రి, గది మెల్లగా 23 డిగ్రీలకు దిగింది. గదిలోకి కొత్తగా ఒక్క చుక్క నీరు రాకపోయినా తేమ 94 శాతానికి ఎగబాకుతుంది, లోటు 0.17కు పడిపోతుంది. ఇంకో డిగ్రీ దిగితే ఆకుల మీద మంచు పడుతుంది. తడిసిన ఆకు తెల్లవార్లూ అలాగే ఉంటే బూజు తెగులు బీజాలకు అంతకంటే మంచి చోటు దొరకదు.

దీనికి మన తీరానికి బాగా నప్పే ఉపాయం ఒకటుంది. మొక్కల పగటిని రాత్రికి మార్చండి. గది కిటికీలకు నల్లగుడ్డ కట్టి, దీపాలను సాయంత్రం ఆరింటి నుంచి ఉదయం ఎనిమిదింటి వరకు వెలిగించండి. ఆకుకూరలకు 14 గంటల వెలుగు సరిపోతుంది. దీపం తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. బయట చల్లబడి తేమ పెరిగే రాత్రివేళ ఆ వేడి మీకు ఉపయోగపడుతుంది, లోటును నిలబెడుతుంది. మధ్యాహ్నం బయట మండిపోతున్నప్పుడు దీపాలు ఆరి ఉంటాయి కనుక గది మీద అదనపు భారం పడదు. పది రూపాయల ఖర్చు లేని మార్పు ఇది, టైమర్ స్విచ్ తిప్పితే చాలు.

దీపాలు ఎప్పుడు ఆరినా చిన్న ఫ్యాన్లు మాత్రం ఆపకూడదు. ఆకు చుట్టూ దాని ఆవిరితోనే నిండిన పలుచటి గాలి పొర నిలబడిపోతుంది. మీటరు 75 చూపిస్తున్నా ఆ పొరలో 95 ఉండొచ్చు. ఆకు సన్నగా వణికేంత గాలి ఇరవై నాలుగు గంటలూ తగలాలి. ఆకులు అల్లల్లాడిపోయేంత గాలి అవసరం లేదు. సీలింగ్ ఫ్యాన్ ఈ పనికి పనికిరాదు. అది దీపాల పైన చేరిన వేడిని మళ్ళీ మొక్కల నెత్తిన పోస్తుంది. రెండు చిన్న టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురు మూలల్లో పెట్టి గాలి గదంతా చుట్టి వచ్చేలా చేయండి.

కిటికీ ఎప్పుడు తెరవాలి

తేమ ఎక్కువైతే కిటికీ తెరిస్తే పోతుందన్నది సగం నిజం. బయటి గాలిలో ఒక ఘనపు మీటరుకు ఎన్ని గ్రాముల నీరుందో, మీ గది గాలిలో ఎన్ని గ్రాములుందో పోల్చాలి. శాతాలను పోల్చకూడదు. గదిలో 30 డిగ్రీలు, 75 శాతం ఉంటే ఘనపు మీటరుకు దాదాపు 23 గ్రాముల నీరు. జూలై రాత్రి బయట 27 డిగ్రీలు, 90 శాతం ఉంటే అక్కడా 23 గ్రాములే. ఎంతసేపు ఎగ్జాస్ట్ తిప్పినా గది ఆరదు. బయటి గాలి ఒంటికి చల్లగా తగిలిందని మనం మోసపోతాం.

దీనికి తలకిందులైన సంగతి ఏప్రిల్, మే నెలల్లో కనిపిస్తుంది. పడమటి గాలి వీచే మధ్యాహ్నం బయట 38 డిగ్రీలు, 35 శాతం ఉందనుకోండి. ఒంటికి నిప్పులా తగిలే ఆ గాలిలో ఘనపు మీటరుకు 16 గ్రాముల నీరే ఉంటుంది. తేమ పట్టిన గదిని అయిదు నిమిషాలు ఆరబెట్టాలంటే అదే మంచి గాలి. ధనుర్మాసపు రాత్రి బయట 20 డిగ్రీలు, 80 శాతం అంటే 14 గ్రాముల లోపే. ఆ గాలి గదిలోకి వచ్చి 24 డిగ్రీలకు వేడెక్కితే తేమ 63 శాతానికి దిగుతుంది, లోటు 1.1. ఏ యంత్రమూ లేకుండా మనకు దొరికే అత్యంత మంచి వాతావరణం ఇదే. డిసెంబరు, జనవరి నెలల్లో కిటికీలు బిగించి కూర్చోవడం నాకు అర్థం కాని అలవాటు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను పైన, గాలి లోపలికి వచ్చే దారిని కింద, ఎదురు గోడకు పెట్టాలి. లోపలికి వచ్చే దారికి దోమతెర తప్పనిసరి, తెల్లదోమ, పేనుబంక కూడా ఆ దారినే వస్తాయి. ఎగ్జాస్ట్ నుంచి ఆశించగలిగినదానికి హద్దు కూడా తెలుసుకోవాలి. 300 వాట్ల దీపాలున్న గదిలో నిమిషానికి 200 ఘనపుటడుగుల గాలి లాగే ఫ్యాన్ పెడితే గది బయటికంటే రెండున్నర డిగ్రీలు వేడిగానే ఉంటుంది. ఫ్యాన్ గదిని బయటి వేడికి దగ్గరగా తేగలదు, దానికంటే కిందికి దించలేదు.

గదిలోకి ఎంత తేమ వస్తోందో తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు. రోజూ తొట్టిలో ఎన్ని లీటర్ల నీరు తగ్గుతోందో చూడండి. దాదాపు అంత నీరూ గది గాలిలోకి వెళ్ళిందన్నమాట. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర గాలిలో ఉన్న మొత్తం నీరు 700 గ్రాములకు మించదు. రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరి చేసే మొక్కలు ఆ గదిలో ఉంటే గాలి మారకుండా బతకలేవు. అందుకే నేను ఎప్పుడూ ముందు మొక్కల మధ్య ఎడం పెంచమంటాను, తర్వాతే యంత్రాల మాట.

కూలర్, ఏసీ, తేమ పిండే యంత్రం

పక్క జిల్లాల్లోని పాలీహౌసులకు తడిగోడ, ఫ్యాన్ అమరిక చూసి వచ్చి మన గదికీ అదే కావాలనుకునేవాళ్ళున్నారు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకోవడమే ఆ పద్ధతి, ఇంటి కూలర్ కూడా అంతే. గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంటే చల్లబరచే శక్తి దానికి మిగలదు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో మే మధ్యాహ్నం 34 డిగ్రీలు, 75 శాతం ఉందనుకుందాం. ప్రపంచంలోని మేలురకం కూలర్ అయినా ఆ గాలిని 30 డిగ్రీల కిందికి దించలేదు. పైగా గదిని ఆవిరిగుండం చేస్తుంది. అదే రోజు బొబ్బిలి, రాజాం వైపు పడమటి గాలికి 40 డిగ్రీలు, 30 శాతం ఉంటే హద్దు 25 దాకా పోతుంది, మామూలు కూలర్ 29, 30 వరకు దించగలదు. మన రెండు జిల్లాల్లోనే ఒకరికి పనికొచ్చిన సలహా ఇంకొకరికి చేటు చేయొచ్చు. మీ ఊరు సముద్రానికి ఎంత దూరమో, ఆ పూట గాలి తూర్పు నుంచి వీస్తోందో పడమటి నుంచి వీస్తోందో చూసి నిర్ణయించుకోండి.

ఏసీ ఒకేసారి వేడినీ తేమనూ లాగుతుంది. కానీ గదికి మించిన పెద్ద ఏసీ కొనకండి. అది పది నిమిషాల్లో గదిని చల్లబరచి ఆగిపోతుంది, తేమ లాగే సమయమే దానికి ఉండదు. ఆగిన తర్వాత లోపలి ఫ్యాన్ తిరుగుతుంటే ఏసీ లోపలి చల్లటి గొట్టాల మీది నీరు మళ్ళీ ఆవిరై గదిలోకి వస్తుంది. ఆకుకూరల గదికి చిన్న ఇన్వర్టర్ ఏసీని 27 డిగ్రీల దగ్గర నిదానంగా నడపడం మేలు. 22కు పెట్టి గదిని గడ్డకట్టించడం వల్ల మొక్కకు ఒరిగేది లేదు.

తేమ పిండే యంత్రం లీటరు నీటిని గాలిలోంచి పిండితే 0.68 యూనిట్ల వేడి గదిలోకి తిరిగి వస్తుంది. యంత్రం తిన్న కరెంటు దీనికి అదనం. వానాకాలం చివర, అక్టోబరు, నవంబరు రాత్రుల్లో గది 24, 25 దగ్గర ఉన్నప్పుడు ఈ వేడి మంచిదే, తేమను ఇంకాస్త దించుతుంది. మే నెలలో మాత్రం దాన్ని మూలన పెట్టండి.

గది ఎంపికలోనే సగం పని అయిపోతుంది. డాబా కింద, పడమటి గోడ ఉన్న గది వద్దు. పగలంతా ఎండ తిన్న స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. వేరే దారి లేకపోతే డాబాకు తెల్లసున్నం కొట్టించండి. కింది అంతస్తులో ఉత్తరపు గది దొరికితే మరో మాట లేకుండా అదే ఎంచుకోండి.

గాలిని వదిలి నీటిని చల్లబరచండి

గది గాలి 31, 32 డిగ్రీల దగ్గర ఉన్నా చాలా ఆకుకూరలు తట్టుకుంటాయి. నీరు 30 దాటితే మాత్రం తట్టుకోలేవు. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ వేరు ఊపిరి వేగం పెరిగి దానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అవసరం పెరిగి సరఫరా తగ్గిన ఆ సందులో పిథియం అనే కుళ్ళు తెగులు జొరబడుతుంది. వేర్లు గోధుమరంగుకు తిరిగి, జిగురుపట్టి, వాసన వేస్తే అదే.

నీటిని చల్లబరచే ఈ దారిని ఎక్కువగా నమ్మడానికి మంచి ఆధారం సింగపూర్‌లో ఉంది. మన తీరపు ఉక్క అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో లీ సింగ్ కాంగ్, హి జీ అనే శాస్త్రవేత్తలు గాలిని ఉష్ణమండలపు వేడికే వదిలేసి, వేరు దగ్గర మాత్రం 20 డిగ్రీల చల్లదనం ఉంచి చలిదేశపు లెట్యూస్‌ను పండించి చూపించారు. గదిలోని గాలినంతటినీ చల్లబరచడం కంటే వంద లీటర్ల నీటిని చల్లగా ఉంచడం ఎన్నో రెట్లు చౌక.

పెద్ద తొట్టి వాడండి. చిన్న తొట్టి గంటలో వేడెక్కుతుంది, వంద లీటర్ల తొట్టికి పూట పడుతుంది. తొట్టి చుట్టూ, పైన థర్మోకోల్ అట్టలు బిగించండి. బల్ల మీద కాకుండా చల్లటి గచ్చు మీద పెట్టండి, వీలైతే సగం వరకు నేలలోకి దించండి. డాబా మీది నల్ల ట్యాంకు నీటిని మధ్యాహ్నం ఎప్పుడూ తొట్టిలో కలపవద్దు. తెల్లవారుజామున పట్టిన నీళ్ళే కలపండి. మరీ మండే రోజుల్లో మూత బిగించిన సీసాల్లో నీటిని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తొట్టిలో వేయవచ్చు. వంద లీటర్లలో లీటరు మంచు కరిగి కలిసిపోతే ఒక డిగ్రీ దిగుతుంది. రెండు లీటర్ల సీసాలు రెండు వేస్తే నాలుగు డిగ్రీలు. సీసా మూత తీయకూడదు, లోపలి నీరు కలిస్తే ఎరువు పలుచబడుతుంది.

తీరప్రాంతపు బోరు నీటిలో ఉప్పు ఎక్కువ ఉండే ఊళ్ళున్నాయి. టీడీఎస్ మీటరుతో కొలవకుండా ఎరువు కలపడం మొదలుపెట్టకండి. అనుమానముంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళి నీటి పరీక్ష గురించి అడగండి.

పద్ధతి ఎక్కడ పుట్టిందో చూడండి

మట్టి లేకుండా పంట తీయవచ్చని 1929లో కాలిఫోర్నియాలో విలియం గెరికే చూపించిన తర్వాత ఎన్నో పద్ధతులు వచ్చాయి. గొట్టాల్లో పలుచటి నీటిపొర పారించే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతిని 1960లలో ఇంగ్లండులో అలెన్ కూపర్ రూపొందించాడు. చల్లటి దేశంలో అది అద్భుతం. మన దగ్గర ఆ పలుచటి పొర గొట్టంలో పారుతూనే గది వేడినంతా తాగేస్తుంది. కరెంటు పోతే గంటల్లో వేర్లు ఎండుతాయి. అందమైన తెల్ల గొట్టాల ఫొటోలు చూసి చాలామంది ముందు దాన్నే కొంటారు. నా మాట వింటే మొదటి ఏడాది కొనకండి.

మన వాతావరణానికి దగ్గర చుట్టం హవాయి దీవుల్లో పుట్టిన పద్ధతి. అక్కడి విశ్వవిద్యాలయంలో ఉద్యాన శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ పంపు లేని, కరెంటు అక్కర్లేని విధానాన్ని తీర్చిదిద్దాడు. మూత ఉన్న తొట్టిలో ఎరువు నీరు పోసి, మొక్క ఉన్న చిన్న జల్లెడ కప్పు అడుగు నీటిని తాకేలా అమరుస్తారు. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది. నీటికీ మూతకూ మధ్య ఏర్పడిన తేమగాలిలో పైవేర్లు ఊపిరి పీలుస్తాయి, కిందివేర్లు నీరు తాగుతాయి. నాలుగు లీటర్ల సీసాలోనే ఒక లెట్యూస్‌ను కోతకు తేవచ్చని ఆయన రాశాడు. నీరు తగ్గిందని మళ్ళీ పైదాకా నింపితే గాలికి అలవాటు పడిన వేర్లు ఊపిరాడక చస్తాయి, నింపాల్సి వస్తే అడుగున కొంచెం మాత్రమే. మూతలో సందు లేకుండా చూసుకోండి. నిలవనీరు దోమలకు చోటిస్తుంది, మన జిల్లాల్లో మలేరియా, డెంగీ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కార్తెను బట్టి పంట

యంత్రాలతో వాతావరణాన్ని వంచడం కంటే వాతావరణానికి తగ్గ పంట వేయడం తేలిక. రోహిణి కార్తె నుంచి ఆరుద్ర దాకా తోటకూర, బచ్చలి, తూటికూర, గంగవల్లికూర వేయండి. ఇవి 32 డిగ్రీల గాలిని లెక్కచేయవు. లెట్యూస్, కొత్తిమీర ఆ రోజుల్లో వేస్తే ఆకు చేదెక్కి, పూతకు పోతాయి. వానలు జోరందుకున్నాక లోటు 0.3, 0.4 దగ్గర తారాడుతుంది. అప్పుడు పుదీనా, తోటకూర ఉంచి మొక్కల సంఖ్యను మూడో వంతు తగ్గించండి. ముదిరిన కింది ఆకులు రోజూ కోసేయండి, గాలి ఆడుతుంది. బయట పొలాల్లో వానకు కొత్తిమీర కుళ్ళి కట్ట ధర ఎక్కే కాలం ఇది. అందుకే చాలామందికి గదిలో కొత్తిమీర వేయాలన్న ఆశ పుడుతుంది. నీటిని 24 దగ్గర, గాలిని 27 దగ్గర పట్టగలిగితేనే దానికి దిగండి. కార్తిక మాసం దాటాక శివరాత్రి వరకు లెట్యూస్, పాలకూర, కొత్తిమీర ఏది వేసినా వస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. గది లోపలి పంటకు తుపానుతో సంబంధం లేదనుకోకండి. చీకటి, కదలని గాలి, నిండు తేమ ఆ రోజుల్లో గదిలో ఒక్కసారే చేరతాయి.

వాతావరణ శాఖ హెచ్చరిక సాధారణంగా రెండు మూడు రోజుల ముందే అందుతుంది. అందిన రోజే కోతకు దగ్గరపడిన ఆకునంతా కోసేయండి. ఆకు తగ్గితే ఆవిరి తగ్గుతుంది, బూజుకు ఆహారం తగ్గుతుంది. గాలిబుడగల పంపు మీద నడిచే తొట్లలో నీటిమట్టాన్ని తగ్గించి సగం వేర్లు గాలిలో వేలాడేలా చేయండి. పంపు ఆగినా ఆ వేర్లు మొక్కను కొన్ని రోజులు నిలబెడతాయి. 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి బ్యాటరీతో సిద్ధంగా ఉంచండి, ఇన్వర్టర్ మీద దీపాలు వెలిగించే ప్రయత్నం వద్దు. దీపాలు లేకుండా మొక్క రెండు మూడు రోజులు బతుకుతుంది, గాలి కదలకపోతే అంతలోనే బూజు పడుతుంది.

కరెంటు తిరిగి వచ్చిన రోజు దీపాలు వెంటనే పూర్తి వెలుగుకు పెట్టకండి. ముందు గంటసేపు ఎగ్జాస్ట్, ఫ్యాన్లు నడిపి ఆకులు ఆరనివ్వండి. వేర్లు చూడండి. తెల్లగా ఉన్నవాటిని ఉంచి, జిగురుపట్టినవాటిని మొక్కతో సహా తీసి పారేయండి. తొట్టి నీరు మొత్తం మార్చి, తెల్లవారుజామున పట్టిన నీళ్ళతో సగం మోతాదు ఎరువు కలిపి మళ్ళీ మొదలుపెట్టండి. మొదటి రోజు ఆరు గంటల వెలుగు, రెండో రోజు పది, మూడో రోజు నుంచి పద్నాలుగు.